రైల్లో తినిపించిన చక్కెర

“నోట్లో పెట్టినావా, చేతిలో పెట్టినావా? ఆ ఒక్క మాట చెప్పు మా.”

పొద్దున్నుంచి షావలి ఈ ప్రశ్న ఎన్నిసార్లు అడిగాడో ఇంట్లో ఎవరూ లెక్కపెట్టలేదు. అడిగిన ప్రతిసారీ గొంతు మాత్రం పెరుగుతూ వచ్చింది. ముందు గదిలోని అంగట్లో సగం కుట్టిన పరుపును, దానికి గుచ్చిన దబ్బనాన్ని అలాగే వదిలేసి లోపలికి వచ్చాడు. గడ్డంలోనూ, కనుబొమల మీదా దూది అంటుకుని ఉంది. కోపంతో ఊగిపోతున్న మనిషి గడ్డంలో దూది కూడా ఊగుతుంటే ఆ కోపానికి రావలసిన మర్యాద రాదు. కూతురు ఆరీఫా చున్నీ అంచును నోటికి అడ్డం పెట్టుకుంది.

నవ్వవలసిన సంగతి కాదని ఆమెకు తెలుసు. తగవంతా తన పెళ్ళి గురించే.

మంచం మీద అతని తల్లి జుబేదాబీ కాళ్ళు చాపుకుని మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది. కోడలు షాహిదాను వెంటబెట్టుకుని గుల్బర్గా ఉరుసుకు వెళ్ళి, నిన్న సాయంత్రమే ధర్మవరంలో రైలు దిగింది. దిగి, ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, టీ తాగి, గ్లాసు కింద పెడుతూ, “మన ఆరీఫాను రైల్లో ఇచ్చేసినా” అంది. పాత గొడుగు ఎవరికో ఇచ్చి వచ్చినంత తేలిగ్గా అంది. అప్పటినుంచి ఈ ఇంట్లో ఎవరూ కుదురుగా కూర్చుని అన్నం తినలేదు.

“నోట్లోనే పెట్టినా,” అంది ముసలామె తల ఎత్తకుండా.

“యా అల్లా!” షావలి గోడకు చేరగిలబడ్డాడు.

వాళ్ళ ఇళ్ళలో పెళ్ళి మాటంటే చక్కెర. పిల్ల ఇంటి పెద్ద, పిల్లవాడి తల్లి నోట్లో చిటికెడు చక్కెర పెడితే మాట ఇచ్చినట్టు. ఆమె మళ్ళీ తన ఇంటి చక్కెర తెచ్చి వీళ్ళకు తినిపిస్తే ఆ మాట గట్టిపడినట్టు. ఇక దర్గాలో చదివించి తెచ్చిన చక్కెరంటారా, దాన్ని దారిన పోయేవాళ్ళకైనా పంచవచ్చు. అయితే అది చేతిలోనే పెడతారు. పిల్లల నోట్లో తప్ప పెద్దవాళ్ళ నోట్లో ఊరికే చక్కెర పెట్టరు. ఈ తేడా ఆ వీధిలో బడికి పోని పిల్లలకు కూడా తెలుసు.

“దర్గా చక్కెర! అదీ నోట్లో! అదీ రైల్లో! మే షాహిదా, నువ్వు పక్కనే ఉంటివి గదా. చూసినావా లేదా?”

షాహిదా చాటలో బియ్యం ఏరుతోంది. ఆ బియ్యంలో రాళ్ళు పొద్దుననగా అయిపోయాయి. అయినా ఏరుతూనే ఉంది.

“పైన బర్తులో పండుకోనుంటి. గుంతకల్లు వస్తాందని జనం కేకలేస్తాంటే మెలకువొచ్చింది. అత్త ఆయమ్మ నోట్లో చక్కెర పెట్టేది చూసినా.”

“మాట? మాట విన్నావా?”

“మాట వినలేదు.”

అంతకంటే ఆమె ఒక్క ముక్క కూడా చెప్పలేదు. మొగుడికీ అత్తకూ మధ్య ఇన్నేళ్ళు బతికిన మనిషి, చూసింది చూసినట్టు చెప్పి ఊరుకోవడం బాగా నేర్చుకుంది.

“ఎల్లుండి శుక్రవారం,” అన్నాడు షావలి, గొంతు దించి. “జుమ్మా నమాజు కాంగానే ఇనాయతుల్లా ఇంటిల్లిపాదీ వస్తాండారు. నువ్వు వాళ్ళ నోట్లో చక్కెర పెట్టాల. చిన్నప్పుడు నేనూ వాడూ ఒకే పళ్ళెంలో తిన్నోళ్ళం. తాడిపత్రిలో అంత పెద్ద రాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ పెట్టుకోని గూడా, నీ బిడ్డే మా ఇంటికి రావాలన్నాడు. వానికేం చెప్పాల? మా అమ్మ రైల్లో ఎవరికో ఇచ్చేసింది అని చెప్పాల్నా?”

“చెప్పు. ఉండేది అదే గదా.”

“ఎవరికిచ్చినావు? పేరేంది?”

జుబేదాబీ నూనె గిన్నె మీద మూత పెట్టింది. “చెల్లీ అని పిల్చినా. అక్కా అని పలికింది.”

“ఊరు?”

“గుంతకల్లులో దిగింది.”

“గుంతకల్లులో దినామూ ఎంతమంది దిగుతారు మా! జంక్షనది!” షావలి రెండు చేతులూ పైకెత్తాడు. గడ్డంలో దూది ఒకటి రాలి కింద పడింది. “ఇదో, కడాకు చెప్తాండా. ఆయమ్మ ఎవరో, యాడుంటాదో చెప్పు. నేనే పోయి కాళ్ళు పట్టుకోని మాట వాపస్ తీసుకుంటా. చెప్పలేకపోతే మాటా లేదు, చక్కెరా లేదు. శుక్రవారం ఇనాయతుల్లా వస్తాడు, నువ్వు పెడతావు. అంతే.”

విసవిసా అంగట్లోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి దబ్బనం పరుపులో కసిగా దిగుతున్న చప్పుడు వినిపించింది. ఆ పరుపు ఎవరిదో గాని పాపం.

ఇంత గొడవలో ఆరీఫాను ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

పోయిన నెల ఇనాయతుల్లా, ఆయన భార్యా చూసి వెళ్ళినప్పటి నుంచి ఆరీఫా గొంతులో ఒక మాట అడ్డం పడి ఉంది. వాళ్ళ కొడుకు అతావుల్లా చెడ్డవాడు కాదు. ఆ వంక పెట్టడానికి కూడా లేదు. కాని ఇనాయతుల్లా బిర్యానీ తిని చేయి కడుక్కుంటూ, “మా ఇంట్లో ఆడోళ్ళు బయట పనికి పోరప్పా. ఆ కంప్యూటర్ పని నిఖాకు ముందే మానిపించేయ్” అన్నాడు. నాయన తల ఊపాడు. తువ్వాలు అందిస్తున్న ఆరీఫా విన్నది.

ఓబిలేష్ అనే ఆయన దగ్గర పట్టుచీరల అంచులకూ కొంగులకూ కంప్యూటర్ మీద డిజైన్లు గీయడం ఆమె పని. ఆమె గీసిన నెమలి ధర్మవరంలో ఎన్ని మగ్గాల మీద తిరుగుతోందో ఓబిలేష్ ఒకసారి లెక్క చెప్పబోతే, సిగ్గుపడి వినకుండా వచ్చేసింది. ఆ పని మానేయడం ఆమె వల్ల కాదు. ఆ సంగతి నాయనతో చెప్పే ధైర్యం మాత్రం ఇప్పటికీ రాలేదు.

ఇప్పుడు నాయనమ్మ రైల్లో ఏదో చేసి వచ్చింది. అది తనను తప్పించడానికి వచ్చిన దారో, ఇంకో ఉచ్చో ఆరీఫాకు తెలియలేదు. తెలుసుకోవాలని మాత్రం ప్రాణం కొట్టుకుంది. పిల్లవాడి గురించి కాదు. ఆ అమ్మ గురించి. పక్కింట్లో చక్కెర అప్పు తెచ్చినా రుచి చూసి గాని డబ్బాలో పోయని జుబేదాబీ చేత, ముక్కూ మొహం తెలియని మనిషి నోట్లో దర్గా చక్కెర పెట్టించిన ఆ మనిషి ఎవరు?

మధ్యాహ్నం వెనక వసారాలో ముసలామె పక్కన చేరింది.

“జేజీ, ఆయమ్మ ఎట్లుంటాది?”

జుబేదాబీ కళ్ళు మెరిశాయి. కొడుకు పేరూ ఊరూ అడిగాడు గాని, అసలు అడగవలసినది ఇదే అన్నట్టు ముందుకు జరిగింది.

“ఏమని చెప్పేది మే! బొంబాయి నుంచి వచ్చే బండి. ఉరుసు జనమంతా అండ్లోనే. కాలు పెట్టేదానికి తావు లేదు. మీ అమ్మ పైకెక్కి పండుకునె. నేను కిటికీ పక్కన. రాయచూరులో ఒకామె ఎక్కింది. చంటిబిడ్డను చీరలో చుట్టి రొమ్ముకు కరుచుకోనుండాది. చూసినోళ్ళందరూ, పాపం బాలింత, జరగండి జరగండి అని తావిచ్చిరి. నా పక్కనే కూచునె. తీరా చూస్తే యాబై ఏండ్ల మనిషి. నేను గమ్మునుంటానా? మనవడా మనవరాలా అని అడిగినా.”

“ఏమన్నాది?”

“చీర కొస రవ్వంత తీసి చూపిచ్చె. కుట్టు మిషన్ తలకాయ!”

ఆరీఫా ఫక్కున నవ్వింది.

“డబ్బాలో జనమంతా నవ్వినారు. తావిచ్చిన ఆయప్ప ఒకడు, మమ్మల్ని మోసం చేసినావు లేమ్మా, లే అన్నాడు. ఆయమ్మ ఏమందో తెలుసా? బిడ్డకన్నా బరువుండాదప్పా, ఏడిస్తే ఊరుకోబెట్టే కష్టం లేదు గాని ఎత్తుకునే కష్టం ఉండాది, కూచోనీ అన్నాది. మల్ల నవ్వులు. ఆయప్పే తన బుట్టలోని జామకాయలు తీసి ఇచ్చె.”

“మిషన్ యాడికి తీసుకుపోతాంది?”

“ఇంటికే. రాయచూరులో వాళ్ళక్కదంట. అక్కకు చూపు ఆనక ఇచ్చేసింది. ఎవరికమ్మా అంటే, కోడలికి అన్నాది. నీ కోడలికి కుట్టేదొస్తాదా అని అడిగినా. తెల్దక్కా, కోడలింకా రాలేదు గదా అన్నాది.”

“కోడలే లేదా?”

“లేదు! రాని కోడలికి మిషన్ మోసుకోని పోతాండాది! నాకు నవ్వొచ్చింది. వచ్చే పిల్లకు కుట్టేది రాకపోతే ఏం చేస్తావు అన్నా. అప్పుడన్నాది మే…” జుబేదాబీ గొంతు సవరించుకుంది. “దానికి ఏ పనొస్తే అది చేసుకుంటాదక్కా, మిషన్ నేను కుట్టుకుంటా. మా ఇంటికొచ్చే పిల్ల చేతిలో ఒక పనుండాల, ఆ పని మానుకో అనే నోరు మా ఇంట్లో ఉండగూడదు అన్నాది.”

ఆరీఫా నవ్వు ఆగిపోయింది. ఆ మాట ఎక్కడో లోపల, నెల రోజులుగా అడ్డం పడిన చోటనే వచ్చి తగిలింది. ఒక్క క్షణం ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

“కొడుకు పేరేంటి జేజీ?”

“అడగలేదు.”

“ఏం చేస్తాడు?”

“చెప్పింది. మరిచిపోయినా.”

“చదువు? ఇల్లు? ఎంతమంది అన్నదమ్ములు?”

జుబేదాబీ చేతిలోని తమలపాకు ఈనె తీయడంలో మునిగిపోయింది. తీసిన ఈనెనే మళ్ళీ తీసింది.

ఆరీఫా ఆమె ముఖంలోకి వంగి చూసింది. “జేజీ, కొత్త కూరగాయలాయన బండి తోసుకొస్తే, వాళ్ళ తాతది యా ఊరో అడిగినాక గాని నువ్వు వంకాయలు ఏరవు. మనవరాలినిచ్చే ఇంటి పేరు అడగకుండా చక్కెర పెట్టినావా? నువ్వా?”

ముసలామె ఆకు కింద పెట్టేసింది. అంగడి వైపు ఒకసారి చూసింది.

“మెల్లగా మాట్లాడు. మీ నాయనకు చెవులు ఎక్కువ.”

“అంటే మాట ఇయ్యలేదు!”

“చక్కెర పెట్టినా. అది నిజం. మీ అమ్మ గూడా చూసింది.”

“మాట?”

“మా ఇంట్లో గూడా ఒక పిల్ల ఉండాది చెల్లీ, నీయట్లాంటి అత్త దొరికితే ఎంత బాగుండు అన్నా. అంతే. బండి నిలబడతాండాది. ఆయమ్మ లేచింది. ఉరుసు చక్కెర ఇయ్యకుండా ఎట్ల పంపేది? చూస్తే రెండు చేతులా మిషన్. పట్టుకునేదానికి చెయ్యి ఖాళీ యాడుండాది? అందుకే నోట్లో పెట్టినా. పెట్టినాక గాని నాకే తట్టలేదు, ఏం చేసినానో.”

“మల్ల ఇంటికొచ్చి ఇచ్చేసినా అని యాల చెప్పినావు?”

జుబేదాబీ మనవరాలి గడ్డం పట్టుకుంది. ఆ వేళ్ళు నూనె వాసన వేస్తున్నాయి.

“ఇనాయతుల్లా వచ్చిపోయిన దినం నువ్వు కంప్యూటర్ ముందర కూచోని గీసిన నెమళ్ళను ఒకటొకటే చెరిపేస్తాంటివి. కండ్లలో నీళ్ళు. నేను వాకిట్లో నిలబడి చూసినా. మీ నాయన స్నేహితునికి లేదు అని చెప్పేటోడు కాదు. నేనొద్దంటే ముసల్దానికేం తెలుసంటాడు. చక్కెర మాటయితే, అదీ దర్గా చక్కెరయితే, కాదనేదానికి వానికి నోరు రాదు. ఆయమ్మ పేరూ ఊరూ ఎవరికీ తెల్దు. అడగొచ్చేదెవరు? నాలుగు నెలలు పోతే ఆ మాటా పోతాది, ఈ సంబంధమూ పోతాది అనుకున్నా.”

ఆరీఫా ఆ చేతిని అలాగే పట్టుకుని కూర్చుంది. తన కోసం ఈ వయసులో ఉరుసు నుంచి వస్తూ వస్తూ అబద్ధం మోసుకొచ్చిన జేజి మీద ప్రేమ పొంగింది. దాని వెంటే భయం కూడా వచ్చింది.

“వద్దు జేజీ. నాయనకు నేనే చెప్తా.”

“ఏమని?”

“ఈ సంబంధం నాకొద్దని. పని మాననని.”

“అట్ల చెప్తే నా అబద్ధం బయటపడతాదే మే! వాడు నన్ను జన్మలో నమ్ముతాడా?”

వసారా గోడకు ఆనించిన చాట పక్కన షాహిదా ఎప్పుడు వచ్చి నిలబడిందో ఇద్దరూ చూడలేదు. చూసేసరికి ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున టీ గ్లాసు పట్టుకుని ఆరీఫా అంగట్లోకి వెళ్ళింది. షావలి పరుపు అంచు కుడుతున్నాడు. కోపం తగ్గింది గాని, ముఖం వాడిపోయి ఉంది. స్నేహితుడికి ఏం చెప్పాలో రాత్రంతా ఆలోచించినట్టున్నాడు. ఆ ముఖం చూస్తే ఆరీఫాకు సగం ధైర్యం కారిపోయింది. మిగిలిన సగంతోనే మొదలుపెట్టింది.

“నాయనా, జేజి రైల్లో…”

“పరుపుల షావలి అంగడి ఇదేనాప్పా?”

వాకిట్లో ఒకామె. ఎండలో నడిచి వచ్చినట్టుంది, కొంగుతో మెడ తుడుచుకుంటోంది. చేతిలో మూత బిగించిన స్టీలు డబ్బా.

“ఇదేమ్మా, రా.” షావలి దబ్బనం పక్కన పెట్టాడు. “సింగిలా, డబులా? మంచం కొలత తెచ్చినావా?”

“పరుపు కాదప్పా. సంబంధం.”

షావలి దబ్బనాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

“రైల్లో అక్క అన్నీ చెప్పింది. ధర్మవరం స్టేషన్ వెనక వీధి, పరుపులంగడి, కొడుకు పేరు షావలి, గడ్డంలో ఎప్పుడూ దూదుంటాది అని.” ఆమె అతని గడ్డాన్ని చూసి ఇల్లు సరిగ్గానే దొరికిందన్నట్టు తల ఊపింది. “మొన్న నా నోట్లో చక్కెర పెట్టింది. మా చక్కెర తెచ్చినా.”

ఆరీఫా టీ గ్లాసు కింద పెట్టేసింది. లోపలినుంచి జుబేదాబీ గోడ పట్టుకుని వచ్చి, ఆమెను చూసి, గడప దగ్గరే ఆగిపోయింది.

“అక్కా! మోకాళ్ళు ఎట్లుండాయి?”

“చెల్లీ…” అంది జుబేదాబీ. ఆ తర్వాత ఆమెకు మాట రాలేదు. ఆ ముసలామెకు మాట రాకపోవడం ఆరీఫా పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

షావలి తల్లిని చూశాడు. వచ్చినామెను చూశాడు. లేచి వెళ్ళి తల్లి ముందు నిలబడి రెండు చేతులూ పట్టుకున్నాడు.

“తప్పయిపోయింది మా. నువ్వు కథ చెప్తాండావనుకున్నా. గుంతకల్లూ లేదు, ఆయమ్మా లేదు అనుకున్నా. కన్నతల్లిని నమ్మలేదు.”

జుబేదాబీ కొడుకు తల మీదుగా మనవరాలి వైపు చూసింది. చెప్పమంటావా వద్దా అని అడిగే చూపు అది. ఆరీఫాకు కూడా తెలియలేదు.

ఈలోగా షావలి ఫోన్ తీశాడు. ఆలోచించుకుంటే చేయలేనన్నట్టు గబగబా నొక్కాడు.

“ఇనాయతుల్లా, సలామాలేకుం. రేపు రావద్దప్పా… మా అమ్మ దర్గా చక్కెర మీద ఇంకో ఇంటికి మాటిచ్చేసింది. నాకు తెల్దు. మొన్న తెలిసింది… తిట్టు. నేను పడతా… అట్లంటావేమప్పా? ఇప్పుడా?” ఫోన్ చెవి దగ్గర నుంచి దించాడు. అవతల పెట్టేసినట్టున్నారు. “ఫోన్లో చెప్పే మాటనా ఇది అంటాండాడు. కారెక్కుతాండా, ఎవరి చక్కెరో ఆడికే వచ్చి చూస్తా అన్నాడు.”

నెల రోజులుగా ఆరీఫా ఏది తప్పిపోవాలని మొక్కుకుందో అది ఒక్క ఫోనుతో తప్పిపోయింది. సంతోషించడానికి మాత్రం వీలు లేకపోయింది. వచ్చినామె అప్పటికే పరుపు మీద డబ్బా పెట్టి మూత తీస్తోంది. తెల్లటి చక్కెర.

“మీది నేను తిన్నా. మాది మీరు తింటే అయిపోతాది.”

షావలి చేయి చాచాడు. మాటకు కట్టుబడే మనిషి. చిన్నప్పటి స్నేహాన్నే వదులుకున్నాక ఇక వెనకాడేదేముంది?

“ఆగు నాయనా!”

అన్నది ఆరీఫానే. తన గొంతు అంత గట్టిగా వస్తుందని ఆమె కూడా అనుకోలేదు. షావలి చేయి గాలిలోనే ఆగింది.

జుబేదాబీ ఇక తట్టుకోలేకపోయింది. “చెల్లీ, ఆ పొద్దు బండిలో నీ చేతులు ఖాళీ లేవు గదా. మిషన్ పట్టుకోనుంటివి. అందుకని…”

“అందుకని నోట్లో పెట్టినావు. నేనూ మొదట అదే అనుకున్నా అక్కా.” ఆమె నవ్వింది. నవ్వితే ఆ ముఖంలోని అలసటంతా పోయింది. “ఇంటికి పోయినాక ఆలోచన చేసినా. చేతులు ఖాళీ లేకపోతే ఒడిలో పోసిండొచ్చు. కొంగున కట్టిండొచ్చు. బండెడు జనంలో దర్గా చక్కెర తీసి నోట్లోనే పెట్టినావంటే, చేతికి తెలీకుండా మనసే పెట్టించిందేమో అనుకున్నా. తప్పయితే చెప్పు. ఈ చక్కెర మీ ఇంట్లో టీకి పోసుకోండి, నేను నా దోవన పోతా. నీ మనసులో లేదా అక్కా?”

జుబేదాబీ కళ్ళ నుంచి నీళ్ళు జారాయి. లేదని చెప్పలేదు. చెబితే అది రెండో అబద్ధం అవుతుంది.

షావలికి ఇదంతా సగమే అర్థమైంది. “ఏంది మా ఇది? మాట ఇచ్చినావా, ఇయ్యలేదా?”

“ఆ మాట అడగాల్సింది అక్కను కాదప్పా,” అని ఆమె ఆరీఫా వైపు తిరిగింది. “పాపా, చీరల మీద నెమళ్ళు గీసేది నువ్వే గదా? మా వాడు స్టేషన్‌లోనే ఉండాడు. మిషన్‌కు ఈడ స్టాండు చేయిస్తామని దాన్ని గూడా ఎత్తుకొచ్చినాడు. ఆ పిల్ల రమ్మంటేనే ఫోన్ చేస్తా, లేకుంటే వచ్చే బండికి ఇట్లే వాపస్ పోతాం అని చెప్పొచ్చినా. పిలవాల్నా, వద్దా?”

అందరూ ఆరీఫా వైపు చూశారు. ఈ ఇంట్లో ఆమెను కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగారు, జీతం వచ్చిందా అని అడిగారు. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో ఆమె ఎప్పుడూ అనుకుని పెట్టుకోలేదు.

సరే అనాలని లేదు. వద్దు అనాలనీ లేదు. రాని కోడలి కోసం మోసుకొచ్చిన మిషన్‌ను ఇప్పుడు స్టేషన్‌లో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆ మనిషి ఎలా ఉంటాడో చూడాలని మాత్రం ఉంది.

“పిలవద్దు,” అంది.

షావలి ముఖం నల్లబడింది. జుబేదాబీ కళ్ళు మూసుకుంది. వచ్చినామె డబ్బా మూత అందుకుంది.

“నేనే పోయి చూసొస్తా. మాట్లాడొస్తా. నేనొచ్చిందాకా ఆ చక్కెర ఎవరూ తినొద్దు.”

“మే! ఏం మాటలవి?” షావలి గొంతు మళ్ళీ లేచింది. “ఆడపిల్ల స్టేషన్‌కు పోయి… ఇనాయతుల్లా కారెక్కినాడు! ఆయప్ప వచ్చేసరికి నువ్వు ఇంట్లో లేకపోతే నేనేం చెప్పాల?”

“అన్నం పెడతా. తింటా కూచుంటాడు.”

అందరూ తిరిగి చూశారు. ఆ మాట అన్నది షాహిదా. రెండు రోజులుగా బియ్యం ఏరడం తప్ప నోరు విప్పని మనిషి, ఉరుసుకు వేసుకెళ్ళిన తన కొత్త చెప్పులు తెచ్చి కూతురి కాళ్ళ దగ్గర పెట్టింది.

“నీవి తెగిపోయినాయి. ఇవి వేసుకోని పో.”

షావలి భార్య వైపు చూశాడు. అలాగే పరుపు మీద కూలబడ్డాడు. ఆరీఫా చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. అవి ఒక వేలెడు పెద్దవి. గడప దాటి, ఎండలోకి దిగి, వెనక్కి తిరిగింది.

“ఎట్ల గుర్తుపట్టేది?”

“ఆడ చీరలో చుట్టిన బిడ్డను ఎత్తుకోని ఒకడు కూచోనుంటాడు. వాడే.”

“పేరు?”

ఆమె డబ్బా మూత గట్టిగా బిగించి, పరుపు మీద జుబేదాబీ పక్కన చోటు చేసుకుని కూర్చుంది.

“అన్నీ నన్నే అడుగుతావేమ్మా? పోయి వాన్నే అడుగు.”